రెండు రోజుల రాజమండ్రి: ముందు గోదావరిని అడగండి

ఇండియా ట్రిప్ ఖాయం కాగానే మనవాళ్ళు చేసే మొదటి పని ఎక్సెల్ షీటు తెరవడం. మూడు వారాల సెలవు. అందులో రెండు రోజులు జెట్‌లాగ్‌కి, నాలుగు రోజులు కజిన్ పెళ్ళికి, మూడు రోజులు అత్తగారింట్లో, ఒక రోజు బ్యాంకులో కేవైసీకి, ఒక రోజు పళ్ళ డాక్టరుకి. ఇలా గళ్ళన్నీ నింపుకుంటూ పోగా ఎక్కడో ఒక మూల రెండు రోజులు మిగులుతాయి. ఆ రెండు రోజుల్లో పిల్లలకి "మన కల్చర్" మొత్తం చూపించెయ్యాలన్న సంకల్పం పుడుతుంది. అక్కడే చిక్కంతా.

ఈసారి ఆ రెండు గళ్ళలో రాజమండ్రి పెట్టుకునేవారి కోసం ఈ వ్యాసం. టెక్నాలజీ శీర్షికలో యాత్రల గొడవేమిటని మీరు అడగొచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఈ ఊరికి ప్లాన్ వేసేటప్పుడు మనం మామూలుగా వాడే రివ్యూ సైట్లు, "టాప్ టెన్" జాబితాలు పెద్దగా పనికిరావు; పనికొచ్చే డేటా వేరే చోట ఉంది. రెండోది, ఆ ఊళ్ళో చూడాల్సిన వాటిలో అన్నిటికంటే గొప్పది ఒక టెక్నాలజీయే. దానికి 175 గేట్లున్నాయి. కాసేపట్లో అక్కడికి వెళ్దాం.

ఏ ఊరికైనా మనం వేసే ప్లాన్ ఒకేలా ఉంటుంది. చూడాల్సినవి ఏరడం, రేటింగు ప్రకారం వరసలో పెట్టడం, ఒక్కోదానికి ముప్పావుగంట, మధ్యలో భోజనం. మ్యూజియాలు, కోటలు ఉన్న ఊళ్ళకి ఇది సరిపోతుంది. ఎందుకంటే మే నెలలో వెళ్ళినా, డిసెంబరులో వెళ్ళినా కోట కోటే. ఏటి ఒడ్డు ఊరు అలా కాదు. మన భాషలో చెప్పాలంటే అక్కడ నది కాన్‌స్టెంటు కాదు, వేరియబుల్. మే నెల కోటిలింగాల రేవు, ఆగస్టు నెల కోటిలింగాల రేవు రెండు వేర్వేరు స్థలాలు. అందుకని షీటులో మొదటి వరస గుళ్ళూ గోపురాలూ కాదు, గోదావరి. మీరు వెళ్ళే నెలలో అది ఎలా ఉంటుందో తేలాకే మిగతా వరసలు.

ఏ దేశం వాళ్ళకి ఏ గోదావరి

మన సెలవులు మన చేతిలో లేవు, పిల్లల బడి చేతిలో ఉన్నాయి. కాబట్టి అక్కణ్ణించే మొదలుపెడదాం.

అమెరికా నుంచి వచ్చేవాళ్ళకి జూన్ మొదటివారం దొరుకుతుంది. అప్పుడు ఎండ నలభై డిగ్రీలు దాటి ఉంటుంది, నదిలో ఇసుక మేటలు బయటపడి ఉంటాయి. అంతకంటే ముఖ్యంగా, రబీ పంట చేతికొచ్చాక మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. సినిమాల్లో చూసిన కోనసీమ కాలవ, కాలవ మీద వంగిన కొబ్బరిచెట్టు చూపిద్దామని పిల్లల్ని తీసుకెళితే, అడుగున బురదా పైన ప్లాస్టిక్ సంచులూ కనిపిస్తాయి. కాలవలకి ఎప్పుడు నీళ్ళు వదులుతారో ఆ ఏటి పేపర్లలో ముందుగానే వస్తుంది. తేదీ వేసుకునే ముందు అది వెతకండి.

గల్ఫ్ నుంచి, ఇంగ్లండు నుంచి వచ్చేవాళ్ళకి జూలై, ఆగస్టు. అది వరదల కాలం. మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ ఛత్తీస్‌గఢ్‌లోనూ పడ్డ వానంతా ఎర్రటి నీరై కిందికి దిగుతుంది. కళ్ళారా చూడదగ్గ దృశ్యమే, కాని గట్టు మీద నుంచే. పులస దొరికేదీ ఈ రోజుల్లోనే. సముద్రంలోని విలసచేప గుడ్లు పెట్టడానికి వరదనీటికి ఎదురీదుతూ నదిలోకి వచ్చి పులస అవుతుంది; ధవళేశ్వరం బ్యారేజీ దాకా వచ్చి అక్కడ ఆగుతుంది. దాని ధర ముందే అడిగి తెలుసుకోండి, డాలర్లలోకి మార్చుకున్నా గుండె గుభేలుమంటుంది.

కార్తీకమాసంలో రేవుల్లో దీపాలు చాలా బాగుంటాయి, సోమవారాలు జనం విపరీతం. ఆ రోజుల్లోనే తుపాన్లు కూడా. ఇక డిసెంబరు రెండో సగం అన్నిటికంటే నయం: నీరు తేటబడుతుంది, చలి సన్నగా ఉంటుంది, కాలవలు నిండుగా ఉంటాయి. సంక్రాంతి వారం మాత్రం గోదావరి జిల్లాల్లో చుట్టాలిల్లు ఉంటేనే వెళ్ళండి. రైలు టిక్కెట్టు సంగతి చెప్పనక్కర్లేదు, హోటలు గది కూడా దొరకదు.

వరద రోజుల్లో చూడాల్సిన అంకెలు

జూలై నుంచి సెప్టెంబరు లోపల వెళ్ళేవాళ్ళు మామూలు వాతావరణ సూచన చూసి ఊరుకోకండి. రాజమండ్రిలో ఎండ కాస్తుండగానే నది వరదలో ఉండొచ్చు, ఎందుకంటే వాన పడింది వందల కిలోమీటర్ల ఎగువన. చూడాల్సింది నీటిమట్టం. కేంద్ర జలసంఘం తమ వరద సూచనల సైటులో ఈ అంకెలు పెడుతుంది. 2023లో ఫ్లడ్‌వాచ్ ఇండియా అనే యాప్ కూడా తెచ్చింది. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. భద్రాచలం ఎగువన ఉంది కాబట్టి అక్కడి మట్టం పెరిగితే దాని ప్రభావం ధవళేశ్వరంలో కొన్ని గంటల తర్వాత కనిపిస్తుంది. అంటే మీకు ముందుగా మోగే అలారం భద్రాచలం. హైదరాబాదులో బయల్దేరే ముందు ఆ ఒక్క అంకె చూసుకుంటే చాలు.

పేపర్లో "పాతిక లక్షల క్యూసెక్కులు" అని చదివితే మనకి ఏమీ అనిపించదు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు. పాతిక లక్షల క్యూసెక్కులంటే సెకనుకి దాదాపు 28 ఒలింపిక్ ఈతకొలనులు నిండినట్టు. 2022 జూలైలో ధవళేశ్వరం దాటిన వరద అంతకంటే ఎక్కువ. 1986 ఆగస్టులో అయితే దాన్నీ మించింది. ఆ తరం గోదావరి జిల్లావాళ్ళెవరినైనా అడగండి, ఇంట్లో నీరు ఏ మెట్టు దాకా వచ్చిందో ఇప్పటికీ చెబుతారు.

ఇక్కడే పాపికొండలు బోటు సంగతి చెప్పెయ్యాలి, ఎందుకంటే ప్రతి జాబితాలోనూ అదే మొదట ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న, నది వరదమీదున్నప్పుడు, కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి యాభై మంది దాకా పోయారు. ఆ తర్వాత నియమాలు బిగించారు, వరద ఉంటే బోట్లు ఆపేస్తున్నారు. పోలవరం ప్రాజెక్టు కోసం 2021లో నదిని స్పిల్‌వే వైపు మళ్ళించాక దారి కూడా మారింది. పాత బ్లాగుల్లో చదివినట్టు రాజమండ్రి రేవులో ఎక్కడం ఉండదు, ప్రాజెక్టుకి ఎగువనున్న గండిపోచమ్మ గుడి దాకా రోడ్డు మీద వెళ్ళి ఎక్కాలి. మొత్తం మీద ఒక రోజు పూర్తిగా పోతుంది. మూడు రోజులుంటే, అదీ డిసెంబరు-ఫిబ్రవరి మధ్య అయితే తప్పకుండా వెళ్ళండి, లైఫ్ జాకెట్ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా విప్పకండి. రెండు రోజులే ఉంటే నా సలహా: పాపికొండలు ఈ ట్రిప్పులో వద్దు. సగం యాత్ర బస్సులోనూ సగం బోటులోనూ గడిచిపోయి ఊరు చూడకుండా వెనక్కి వస్తారు.

వంతెన పగటిపూట దాటాలి

హైదరాబాదు నుంచి రాత్రి రైలెక్కితే ఒక నిద్ర తీసేసరికి ఊరొచ్చేస్తుంది, రోజు కలిసొస్తుంది. మన షీటుకి అది బాగానే ఉంటుంది. కాని నిద్రలో గోదావరి దాటిపోతారు. కొవ్వూరు దాటాక రైలు చప్పుడు మారడం, పిల్లలు కిటికీ దగ్గరికి పరిగెత్తి "ఇది సముద్రమా?" అనడం, పెద్దవాళ్ళు పర్సులో చిల్లర వెతకడం - ఇది ఈ యాత్రలో ఒక ముఖ్యమైన ఐటెం, దానికి టిక్కెట్టు కూడా లేదు. కనీసం ఒక వైపు ప్రయాణమైనా పగటిపూట పెట్టుకోండి. సికింద్రాబాదు-విశాఖ వందేభారత్ 2023 జనవరిలో మొదలైంది, తర్వాత 2024లో ఉదయం బయల్దేరేది ఇంకొకటి వచ్చింది. ఆ ఉదయం బండి ఎక్కితే వంతెన వెలుతురులోనే దాటుతుంది.

టిక్కెట్ల గురించి రెండు ముక్కలు. రిజర్వేషను 120 రోజుల ముందు తెరిచేవారు, 2024 నవంబరు నుంచి అది 60 రోజులైంది. తత్కాల్ మీద ఆశ పెట్టుకోకండి: 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ తప్పనిసరి. అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళకి ఏడాదిలో 182 రోజులు ఇండియాలో ఉంటే తప్ప ఆధార్ రాదు కదా. బాబాయిగారబ్బాయికి 60 రోజుల ముందే ఒక క్యాలెండర్ రిమైండర్ పంపడమే మనకున్న మార్గం. డబ్బు చెల్లింపుల విషయంలో కొంచెం నయం. అమెరికా, కెనడా, బ్రిటన్, సింగపూరు, ఆస్ట్రేలియా, యూఏఈ, సౌదీ లాంటి దేశాల ఫోన్ నంబరుతోనే ఎన్‌ఆర్‌ఐ ఖాతాకి యూపీఐ పెట్టుకోవడానికి 2023లో అనుమతి వచ్చింది. మీ బ్యాంకు ఇస్తుందో లేదో ఇక్కడి నుంచే తేల్చుకుని వెళ్ళండి. కొబ్బరిబోండాల బండి దగ్గర క్రెడిట్ కార్డు తియ్యలేం.

పేరు కూడా ఒక సమస్యే. 2015లో ఊరి పేరు అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. జనం నోట ఇంకా రాజమండ్రే. వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ, ఇంగ్లీషు స్పెల్లింగు మధ్యలో హెచ్ పెట్టీ పెట్టకా వెతికితేగాని అన్ని ఫలితాలూ రావు. రైలు స్టేషన్ కోడు ఆర్‌జెవై, మధురపూడి విమానాశ్రయం కోడు ఆర్‌జెఎ. గోదావరి స్టేషన్ అని ఇంకొకటి రేవు పక్కనే ఉంది, కాని చాలా ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు.

మొదటి రోజు: ధవళేశ్వరం

ఉదయం ఎండ ముదరక ముందే ధవళేశ్వరం వెళ్ళండి. ఊరికి ఆనుకునే ఉంది. దీన్ని "కాటన్ మ్యూజియం, అరగంట" అని జాబితాలో రాసుకోకండి. పూట మొత్తం ఇవ్వండి.

మనలో చాలామందికి కాటన్ దొర అంటే కూడలిలో గుర్రం మీది విగ్రహం. ఆయన చేసిన పని ఒక ఇంజనీరుగా చూస్తే ఇంకా బాగుంటుంది. 1830ల్లో కరువులు, 1839లో తుపాను - ఈ జిల్లా చితికిపోయి ఉంది. ఎదురుగా ఇంత నది, ఏటా సముద్రంలోకి పోతోంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి కొండల్ని వదిలేసి పాయలుగా చీలుతుంది. అక్కడ నది వెడల్పు మైళ్ళలో ఉంది, అడుగున రాయి తగలదు, అంతా ఇసుకే. పునాది లేకుండా గోడ ఎలా నిలుస్తుంది?

దీనికి జవాబు ఆయన ఇంగ్లండులో నేర్చుకోలేదు. అంతకు ముందు తంజావూరు ప్రాంతంలో కావేరి మీద పనిచేసినప్పుడు, చోళుల కాలంనాటి కల్లణైని చూశాడు. అది ఇసుక మీదే నిలబడి ఉంది, వందల ఏళ్ళుగా. ఎత్తుగా, సన్నగా కట్టకుండా పొట్టిగా, వెడల్పుగా, నీరు మీద నుంచి జారిపోయేలా రాళ్ళు పేరిస్తే ఇసుక కూడా మోస్తుందని దాన్నుంచి గ్రహించాడు. పాత కోడు చూసి "మొత్తం తిరగరాద్దాం" అనే మన కుర్రాళ్ళు ఈ సంగతి వినాలి. ఇంకో తెలివి: నదిని ఒకేసారి అడ్డుకోలేదు. మధ్యలో ఉన్న లంకల్ని వాడుకుని ఆనకట్టని నాలుగు ముక్కలు చేశాడు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ముక్కలన్నీ కలిపితే మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు. రాయి పక్కనున్న కొండలోదే. 1847లో మొదలై 1852కి పూర్తయింది.

వేలమంది కూలీలు లేకుండా ఇదంతా జరగలేదు. వాళ్ళని కూడగట్టి, ఇంగ్లీషు దొరకీ తెలుగు కూలీకీ మధ్య నిలబడి పని నడిపించిన వీణెం వీరన్నగారి పేరు పిల్లలకి తప్పకుండా చెప్పండి. కాటన్ విగ్రహాలు జిల్లా అంతా ఉన్నాయి, వీరన్నగారిని తలుచుకునేవాళ్ళు తక్కువ.

ఇప్పుడు మీరు చూసేది ఆ పాత ఆనకట్ట కాదు. దాని స్థానంలో 1970ల్లో మొదలుపెట్టి 1982లో పూర్తిచేసిన బ్యారేజీ. అదీ నాలుగు ముక్కలే, గేట్లు వరసగా 70, 43, 23, 39. మొత్తం 175. నూటముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఆర్కిటెక్చరు మార్చలేదు, ఇంప్లిమెంటేషను మార్చారు. ఇక్కణ్ణించే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి కాలవలు బయల్దేరి పదిలక్షల ఎకరాల దాకా తడుపుతాయి. బ్యారేజీ మీది రోడ్డున నెమ్మదిగా అవతలికి వెళ్ళండి. ఒకవైపు నిండు నీరు, రెండోవైపు వేసవైతే ఇసుక. తేడా కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. అవతల ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి పాలు గుడ్డతో ఒక్క ఊపులో పూసి కాగితం కంటే పల్చటి పూతరేకు తీసే ఆడవాళ్ళని చూడొచ్చు. మధ్యాహ్నం దాటితే పని కట్టేస్తారు, ముందే వెళ్ళండి.

ఒక చిన్న హోంవర్కు. కందుకూరి వీరేశలింగంగారి రాజశేఖర చరిత్రము, తెలుగులో తొలి నవలల్లో ఒకటి, మొదలయ్యేది ఈ ధవళేశ్వరంలోనే. పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవులో, టైపు చేసినవి తెలుగు వికీసోర్సులో బోలెడున్నాయి. (2000ల్లో డిజిటల్ లైబ్రరీ సైటులో ఒక్కో పేజీ తెరుచుకునేలోపు కాఫీ కలుపుకుని రావచ్చు. ఆ రోజులు పోయాయి, అంతే చాలు.) బయల్దేరే ముందు మొదటి ప్రకరణం ఫోన్లోకి దింపుకుని, ధవళేశ్వరం గట్టు మీద కూర్చుని మీరే పైకి చదవండి. పిల్లలకి సగం అర్థం కాదు, ఫరవాలేదు. తెలుగు చదవడం రాని పిల్లలకి ఇంట్లో అది చదివితే పాఠం. ఆ వర్ణించిన చోటే కూర్చుని చదివితే తలెత్తి చూస్తారు, "ఏ కొండ?" అని అడుగుతారు.

సాయంత్రానికి రేవుకి వచ్చెయ్యండి. ఊరు నదికి తూర్పు గట్టున ఉంది కాబట్టి సూర్యుడు నీళ్ళ మీదే అస్తమిస్తాడు, వంతెనల వెనక. 1900లో వచ్చిన హేవలాక్ వంతెనకి 56 స్పాన్లు; 1997లో దానికి విశ్రాంతి ఇచ్చి, దాని పని అప్పగించిన ఆర్చి వంతెనకి సరిగ్గా సగం, 28. వందేళ్ళలో సివిల్ ఇంజనీరింగు ఎంత నడిచిందో ఆ లెక్క చెబుతుంది. పైన రోడ్డు, కింద రైలు ఉన్నది 1974లో వచ్చింది. పిల్లలచేత లెక్కపెట్టించండి, హారతి మొదలయ్యేదాకా కాలక్షేపం.

రెండో రోజు: ఊళ్ళోకి

"రాజరాజు కోట ఏదీ?" అని మొదటి ప్రశ్న వస్తుంది. లేదు. కోటగుమ్మం అన్న పేటపేరు మిగిలింది. పదకొండో శతాబ్దంలో నన్నయగారు భారతం మొదలుపెట్టిన ఊరికి టిక్కెట్టు పెట్టి చూపించే గుర్తంటూ లేదు, నది ఒక్కటే ఉంది. అందుకే నిన్న పూటంతా నదికిచ్చాం.

కళ్ళతో చూడగలిగేవి పంతొమ్మిదో శతాబ్దం తర్వాతివి. వీరేశలింగంగారి ఇల్లు ఉంది. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్ళోనే ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు, ఊరు ఊరంతా మండిపడుతుండగా. ఆడపిల్లలున్నవాళ్ళు ఈ కథ ముందే చెప్పి తీసుకెళ్ళండి, లేకపోతే అది పాత ఇల్లు మాత్రమే. దామెర్ల రామారావు చిత్రశాల చిన్నది, నాకు చాలా ఇష్టం. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్ళి చదువుకుని వచ్చి, 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకి ముప్పై ఏళ్ళు కూడా లేవు. వసురాయ, వీరేశలింగ గ్రంథాలయాలు కలిసి ఏర్పడిన గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలు, పాత పత్రికలు ఉన్నాయి. తాతగారి పేరున పాత ముద్రణ ఏదైనా వెతుకుతున్నవాళ్ళు ఒక పూట ఇక్కడే ఉండిపోవచ్చు. వీటన్నిటికీ వారపు సెలవు ఒకే రోజు కాదు. మ్యాపులో చూపించే వేళలు నమ్మకుండా ఊళ్ళో ఎవరిచేతనైనా ముందురోజు ఫోను చేయించండి. మధ్యలో మెయిన్ రోడ్డులో ఒక రోజ్‌మిల్క్ తాగడం ఎలాగూ తప్పదు. కడియం నర్సరీలు దగ్గరే, కాని మొక్కలు విమానంలో తెచ్చుకోలేం కనుక నా షీటులోంచి తీసేశాను.

పుష్కరాల గురించి చాలామంది అడుగుతున్నారు. తర్వాతివి 2027లో, పన్నెండు రోజులు. 2015లో మొదటి రోజు ఉదయమే పుష్కరఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతిక మందికి పైగా చనిపోయారు. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు మొదటి రోజు, చివరి రోజు, మధ్యలో వచ్చే ఆదివారం వదిలేసి తేదీ వేసుకోండి. అందరూ దిగే పుష్కరఘాట్‌కి బదులు అదే గోదావరికి అవతలున్న కొవ్వూరు గోష్పాదక్షేత్రం రేవు చూసుకోండి. గది మాత్రం ఇప్పట్నుంచే మాట్లాడుకోవాలి.